రాత్రి వంట, గుడ్డు పచ్చడి: తరచుగా అడిగే ప్రశ్నలు

సాయంత్రం ఆరు దాటాక మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఎవరు ఎదురైనా మాట వంట మీదికే వెళ్తుంది. "రాత్రికి ఏం చేస్తున్నారు?" అని ఒకరు అడిగితే, "మొన్న ఇచ్చిన గుడ్డు పచ్చడి ఎలా పెట్టారండీ?" అని ఇంకొకరు. పక్కింటివాళ్లు, ఆఫీసులో తోటివాళ్లు, చుట్టాలు పదేపదే అడిగేవాటికి జవాబులు ఒకచోట రాసి పెడుతున్నాను. కొలతలన్నీ మా ఇంట్లో నేను వాడేవే. ఫ్రిజ్‌లో పెట్టమనే మాట చాలాసార్లు వస్తుంది. కావాలనే అన్నిసార్లు రాశాను.

ఆఫీసు నుంచి ఇల్లు చేరేసరికి ఎనిమిది. అప్పుడు ఏం వండుతాం?

ఎనిమిదింటికి ఉల్లిగడ్డలు తరగడం మొదలుపెడితే తినేసరికి పదవుతుంది, పిల్లలు ఈలోపు బిస్కెట్లతో కడుపు నింపుకుంటారు. అందుకే నేను పొద్దున టిఫిన్ చేసేటప్పుడే రెండో పొయ్యి మీద కుక్కర్‌లో కందిపప్పు ఉడికించి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టేసి వెళ్తాను. రాత్రి దాన్ని టమాటా పప్పు చేసినా, పాలకూర వేసినా, చింతపండు రసం పోసి పప్పుచారు పెట్టినా ఇరవై నిమిషాల పని. అన్నం పక్కన ఉడుకుతూనే ఉంటుంది.

ఆదివారం ఒక గంట కేటాయించగలిగితే ఇంకా సుఖం. అల్లం వెల్లుల్లి ముద్ద నూరుకోవాలి, చింతపండు గుజ్జు తీసి పెట్టుకోవాలి, ఓ డజను గుడ్లు ఉడకబెట్టుకోవాలి. ఉడికిన గుడ్లు పెంకు తీయకుండా ఫ్రిజ్‌లో వారం దాకా బాగుంటాయి. పెంకు తీసినవి మాత్రం ఆ రోజే తినేయాలి. ఇవన్నీ ఉన్న ఇంట్లో గుడ్డు పచ్చడి సీసా కూడా ఒకటి ఉందంటే, పప్పు ఒక్కటే చేసిన రాత్రి కూడా కంచం నిండుగా కనిపిస్తుంది.

వారానికి ముందే పట్టిక వేసుకోవాలా?

నేను వేసుకోను. సోమవారం బీరకాయ అని రాసుకుంటే ఆ రోజు మార్కెట్లో బీరకాయలు ముదిరిపోయి ఉంటాయి. దానికి బదులు నాలుగైదు జంటలు గుర్తుపెట్టుకున్నాను. కిచిడీ చేస్తే పచ్చి పులుసు. జొన్న రొట్టె చేస్తే ఉల్లికారం, గుడ్డు పొరటు. ముద్దపప్పు చేస్తే నెయ్యి, పచ్చడి. టమాటాలు చవగ్గా ఉన్న వారం టమాటా కట్. ఒంట్లో ఓపిక లేని రోజు పెరుగన్నం, పక్కన ఏదో ఒక వేపుడు. ఇంట్లో ఏం ఉందో చూసి జంట ఎంచుకుంటాను.

పచ్చి పులుసు గురించి ఒక మాట చెప్పాలి. ఉద్యోగాలు చేసేవాళ్లకి అంతకంటే మంచి వంట లేదు. అసలు ఉడికించక్కర్లేదు. చింతపండు రసం పలచగా తీసి, ఉల్లిగడ్డ సన్నగా తరిగి వేయాలి. రెండు పచ్చిమిర్చి మంట మీద తోలు నల్లబడేదాకా కాల్చి, ఉప్పుతో కలిపి చేత్తో నలిపి ఆ రసంలో వేయాలి. కొత్తిమీర, వేయించిన నువ్వుల పొడి ఒక చెంచా, పైన జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు పోపు. కిచిడీ కుక్కర్ విజిల్ వేసేలోపు ఇది తయారు.

టమాటా కట్ ఇంట్లో హోటల్ రుచి రావట్లేదు. ఎక్కడ తప్పుతోంది?

ఎక్కువమంది వడకట్టరు, అక్కడే తేడా వస్తుంది. ఇది మన హైదరాబాద్ వంట, ఉర్దూ మాట్లాడే ఇళ్లలో టమాటే కా కట్ అంటారు. ఉడికిన గుడ్లు సగానికి కోసి అందులో వేస్తారు. పేరుకి టమాటా పులుసే కానీ, గరిటెతో పోస్తే గింజ, తొక్క తగలకుండా పట్టులా జారాలి.

నలుగురికైతే ముప్పావు కిలో బాగా పండిన టమాటాలు తీసుకోండి. ముక్కలు చేసి, ఒక చెంచా అల్లం వెల్లుల్లి ముద్ద, పసుపు, కారం, ఉప్పు, రెండు గ్లాసుల నీళ్లు వేసి మెత్తగా ఉడికించండి. చల్లారాక మిక్సీలో వేసి జల్లెడలో వడకట్టండి. తర్వాత రెండు చెంచాల శనగపిండిని సన్నమంట మీద పచ్చివాసన పోయి కమ్మగా వాసన వచ్చేదాకా వేయించాలి. దాన్ని చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి ఆ రసంలో పోసి పదిహేను నిమిషాలు మరిగించండి. వేడి నీళ్లలో కలిపితే ఉండ కడుతుంది, వేయించకుండా వేస్తే పచ్చిపిండి రుచి వస్తుంది. జీలకర్ర, ఆవాలు, కాసిన్ని మెంతులు, ఎండుమిర్చి, వెల్లుల్లి, కరివేపాకుతో పోపు పెట్టి మూత వేసేయండి. ఆ పోపు వాసన లోపలే ఉండిపోవాలి. గుడ్లు చివర్లో, వడ్డించే ముందు వేస్తే చాలు. తెల్లన్నంలోకి బాగుంటుంది, బగారా అన్నంలోకి ఇంకా బాగుంటుంది.

టమాటాలు మెహదీపట్నం రైతు బజార్‌లోనో, ఎర్రగడ్డ రైతు బజార్‌లోనో సాయంత్రం పూట తీసుకుంటాను. 1999లో రైతు బజార్లు మొదలైనప్పటి నుంచి మా ఇంట్లో కూరగాయలు అక్కడివే. మెత్తబడ్డ టమాటాలు వేరే కుప్ప పోసి తక్కువకి ఇస్తారు. కట్‌కి అవే కావాలి.

గుడ్డు పచ్చడి అంటే ఏది? ఇంటర్నెట్లో చూస్తే తెల్లటి వెనిగర్‌లో తేలే గుడ్లు కనిపిస్తున్నాయి.

రెండూ ఉన్నాయి. ఒకటి వెనిగర్ గుడ్లు. ఉడికిన గుడ్లని ఉప్పు, మసాలా వేసి మరిగించిన వెనిగర్‌లో ఊరబెడతారు, నూనె ఉండదు. ఇంగ్లండ్, అమెరికా దేశాల్లో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. రెండోది మన కారం పచ్చడి. గుడ్లు నూనెలో వేయించి, కారం, ఆవపిండి, మెంతిపిండి, నిమ్మరసంతో కలుపుతాం. వెనిగర్‌వి ఊరడానికి వారాలు పడుతుంది, నెలలు ఉంటాయి. కారంవి మర్నాటికే తినొచ్చు, వారంలో అయిపోవాలి. రెండిటికీ ఫ్రిజ్ తప్పనిసరి.

ఏ గుడ్లు కొనాలి?

మామూలు ఫారం గుడ్లు చాలు. ముప్పై గుడ్ల ట్రే కొంటే అందులోంచి చిన్నవి ఏరి పచ్చడికి పక్కన పెట్టండి, చిన్న గుడ్డుకి పులుపు త్వరగా పడుతుంది. కొన్న రోజే వాడకండి. వారం పాతబడిన గుడ్డు పచ్చడికి మేలు. ఎందుకో కింద పెంకు సంగతిలో చెప్తాను.

నాటు గుడ్లే కావాలని కొందరు పట్టుబడతారు. రుచి మీ ఇష్టం కానీ, పెంకు గోధుమ రంగులో ఉంటే నాటు గుడ్డనుకోకండి. మన రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారు చేసిన వనరాజా, గ్రామప్రియ లాంటి పెరటి కోళ్లు కూడా గోధుమ రంగు గుడ్లే పెడతాయి. పచ్చడిలో రంగు తేడా ఏమీ కనిపించదు. పెంకు పగిలిన గుడ్డు మాత్రం ఏ రంగుదైనా పచ్చడికి వద్దు.

పెంకు తీస్తుంటే తెల్లసొన కూడా ఊడివస్తోంది. ఏం చేయాలి?

తాజా గుడ్డుకి ఆ బాధ ఎక్కువ. గుడ్డు పాతబడేకొద్దీ అందులోని కార్బన్ డయాక్సైడ్ పెంకులోని సన్నటి రంధ్రాల గుండా బయటికి పోతుంది. దాంతో తెల్లసొన క్షారగుణం పెరిగి, పెంకు లోపలి పొరకి అంటుకోవడం తగ్గుతుంది. వారం ఆగమన్నది ఇందుకే.

ఉడకబెట్టే పద్ధతి కూడా మార్చి చూడండి. చల్లటి నీళ్లలో గుడ్లు వేసి పొయ్యి వెలిగించే బదులు, నీళ్లు తెర్లాక గరిటెతో ఒక్కో గుడ్డూ మెల్లగా దింపండి. పచ్చడికి పచ్చసొన గట్టిగా ఉడకాలి కాబట్టి 12 నిమిషాలు ఉంచుతాను. వెంటనే ఐసు నీళ్లలో వేసి పది నిమిషాలు వదిలేయాలి. తర్వాత బండ మీద మెల్లగా దొర్లిస్తే పెంకంతా సన్నటి గీతలు పడుతుంది. వెడల్పు వైపు గాలి ఉన్న చోట గోరు పెట్టి, ఆ పలచటి పొరని కూడా పట్టుకుని, సన్నగా పారే కుళాయి కింద లాగండి. నీళ్లు పొర కిందికి దూరగానే పెంకు రెండు మూడు పెద్ద ముక్కలుగా వచ్చేస్తుంది. గుడ్డు నున్నగా, తడిగా, గాటు లేకుండా చేతిలోకి జారితే అది వెనిగర్ సీసాకి పనికొస్తుంది. చిరిగినవాటిని ఆ రాత్రే పొరటులో వేసేయండి.

వెనిగర్ గుడ్లు ఎలా పెడతారు? కొలతలతో చెప్పండి.

డజను చిన్న గుడ్లు, లీటరు పట్టే మూతి వెడల్పున్న గాజు సీసా. సీసాని పది నిమిషాలు నీళ్లలో మరిగించి, బోర్లించి ఆరబెట్టాలి.

వెనిగర్ సీసా మీద ఎసిటిక్ యాసిడ్ ఎంత శాతమో రాసి ఉంటుంది, చదవండి. 5 శాతం అని ఉంటే 360 మిల్లీలీటర్ల వెనిగర్‌కి 240 మిల్లీలీటర్ల నీళ్లు. 4 శాతం అని ఉంటే 450 మిల్లీలీటర్ల వెనిగర్‌కి 150 నీళ్లు. మన కిరాణా కొట్లలో 4 శాతంవి చాలా ఉంటాయి, దాన్ని 5 శాతం లెక్కన పలచన చేస్తే పులుపు చాలదు. శాతం రాయని సీసా, విడిగా పోసి అమ్మేది, చుక్కల లెక్కన వాడే గాఢమైన యాసిడ్ ఇవేవీ వద్దు.

ఆ వెనిగర్, నీళ్లలో మూడు చెంచాల ఉప్పు, ఒక చెంచా ఆవాలు, పది మిరియాలు, ఒక వెల్లుల్లి రెబ్బ, రెండు ఎండుమిర్చి, చక్రాలుగా తరిగిన ఒక ఉల్లిగడ్డ వేసి అయిదు నిమిషాలు సన్నమంట మీద మరగనివ్వండి. కిటికీ తీసి పెట్టుకోండి, ఆవిరి కళ్లకి ఘాటుగా తగులుతుంది. ఒలిచిన గుడ్లు సీసాలో సర్ది, ఆ మరిగిన నీళ్లు వేడిగా పోయాలి. గుడ్లన్నీ మునగాలి. మూత పెట్టి, చేయి పట్టేంత చల్లారగానే ఫ్రిజ్‌లోకి.

మర్నాడు రుచి చూస్తే పైనే పుల్లగా ఉంది, లోపల మామూలు ఉడికిన గుడ్డే. తప్పు చేశామా?

లేదు, తొందరపడ్డారు అంతే. చిన్న గుడ్లకి ఒకటి నుంచి రెండు వారాలు, పెద్దవాటికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఇది కళ్లారా చూడాలంటే ఒకసారి బీట్‌రూట్‌తో పెట్టండి. పై కొలతలో నీళ్లకి బదులు బీట్‌రూట్ ఉడికించిన నీళ్లు పోస్తే చాలు. మూడో రోజు ఒక గుడ్డు కోసి చూస్తే అంచున సన్నటి గులాబీ గీత, లోపలంతా తెలుపు. వారానికి ఆ రంగు సగం దూరం వస్తుంది. ఇంకో వారం ఆగితే పచ్చసొన చుట్టూ చేరుతుంది. మా చిన్నది ఈ ముక్కలు చూడటానికే వంటింట్లోకి వస్తుంది. పులుపు కూడా ఇంత నెమ్మదిగానే లోపలికి వెళ్తుంది. కింది ప్రశ్నకి జవాబు అర్థం కావాలంటే ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఆవకాయ ఏడాదంతా బయటే ఉంటుంది కదా, గుడ్డు పచ్చడి ఎందుకు ఉండదు?

నన్ను అందరూ అడిగే ప్రశ్న ఇదే, కాస్త ఓపిగ్గా చదవండి.

మామిడికాయ పుట్టుకతోనే పులుపు. దానికి మనం ఉప్పు, కారం, ఆవపిండి, నూనె చేరుస్తాం. ఆ పులుపులో, అంత ఉప్పులో చెడు సూక్ష్మజీవులు బతకడం కష్టం. గుడ్డు అలా కాదు. తెల్లసొన క్షారగుణం కలది, పచ్చసొనలో పులుపు లేనట్టే, లోపలంతా మాంసకృత్తులు, కొవ్వు, తడి. పైన ఎంత కారం పూసినా, ఎంత వెనిగర్ పోసినా లోపలి పచ్చసొన దాకా పులుపు చేరడానికి రోజులు, వారాలు కావాలి. ఈలోపు లోపల ఏదైనా పెరగడానికి కావలసినంత సమయం దొరుకుతుంది. పైగా వెనిగర్‌లో మునిగినా, నూనెలో మునిగినా గాలి తగలదు. బొట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు తెచ్చే బ్యాక్టీరియాకి కావలసింది సరిగ్గా ఇదే: గాలి ఉండకూడదు, పులుపు ఉండకూడదు, గది వేడి ఉండాలి. పీహెచ్ 4.6 కంటే తక్కువ ఉంటే, అంటే తగినంత పులుపుంటే, అది పెరగలేదు. చల్లగా ఉంటే కూడా దాని ఎదుగుదల ఆగుతుంది. గుడ్డు లోపల మొదటి రోజుల్లో పులుపు లేదు కాబట్టి మనల్ని కాపాడేది చల్లదనమే.

1997లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒక పెద్దాయనకి ఇంట్లో పెట్టిన వెనిగర్ గుడ్లు తిని బొట్యులిజం వచ్చింది. ఉడికిన గుడ్లకి పులుపు బాగా పట్టాలని టూత్‌పిక్‌తో చిల్లులు పెట్టారు. సీసాని ఏడు రోజులు ఫ్రిజ్‌లో పెట్టకుండా, అప్పుడప్పుడు ఎండ తగిలే చోట ఉంచారు. ఆ చిల్లుల్లోంచి సూక్ష్మజీవులు పచ్చసొనలోకి చేరాయని, అక్కడ పులుపు లేదని పరిశోధనలో తేలింది. వెనిగర్‌లోనే ఉన్నాయి, అయినా అలా జరిగింది.

నేను కూడా మొదటిసారి కారం పచ్చడి పెట్టినప్పుడు సీసాని గూట్లో ఆవకాయ జాడీ పక్కనే పెట్టాను. ఏప్రిల్ నెల, వంటిల్లు పొద్దుటికే వేడెక్కే రోజులు. నాలుగో రోజు చూస్తే పైన తేరిన నూనెలో చిన్న చిన్న బుడగలు. మూత తిప్పగానే లోపలి గాలి తన్నుకొచ్చింది, నూనె అంచు దాటి చేతి మీదికి కారింది. పదిహేను గుడ్లు, పావు లీటరు పల్లీనూనె అంతా మూటకట్టి పారేశాను. ఆ సీసా మూత నేనే తీశాను కాబట్టి సరిపోయింది. పిల్లలు అన్నంలో కలుపుకుని ఉంటే అన్న ఆలోచన వస్తే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. ప్రతిసారీ బుడగలు, వాసన హెచ్చరించవు కూడా. బొట్యులిజం విషానికి రంగు, రుచి, వాసన ఏవీ ఉండవు.

అనుమానంగా ఉన్న పచ్చడి తిన్నాక చూపు మసకబారడం, ఒకటి రెండుగా కనిపించడం, రెప్పలు వాలిపోవడం, మాట తడబడటం, మింగలేకపోవడం కనిపిస్తే ఇంటి వైద్యాలు చేస్తూ కూర్చోకండి. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లి, ఏం తిన్నారో చెప్పండి.

అయితే గుడ్డుకి గాట్లు పెట్టకూడదా?

వెనిగర్ గుడ్లకి పెట్టకూడదు. అవి నెలల తరబడి నిల్వ ఉండేవి. కారం పచ్చడి గుడ్డుకి మాత్రం రెండు మూడు సన్న గాట్లు పెట్టాలి, లేకపోతే వేడి నూనెలో పేలి ముఖం మీదికి చిందుతుంది. అది వెంటనే నూనెలో వేగుతుంది, ఫ్రిజ్‌లోకి వెళ్తుంది, వారంలో అయిపోతుంది. కత్తి కడిగి, తుడిచి వాడండి.

కారం గుడ్డు పచ్చడి మీ ఇంటి పద్ధతి ఏమిటి?

ఎనిమిది గుడ్లకి చెప్తాను. అంతకంటే ఎక్కువ పెట్టొద్దు, వారంలో తినలేరు.

ఉడికించి, ఒలిచి, బట్టతో ఒత్తి తడి తీయండి. కంగారులో ఇది మరిచిపోతారు, తడి గుడ్డు నూనెలో చిటపటలాడి చేతులు కాలతాయి. తెల్లసొన వరకే తెగేలా పొడవునా మూడు గాట్లు పెట్టండి. ముప్పావు గ్లాసు పల్లీనూనె కడాయిలో కాగాక మంట తగ్గించి నాలుగేసి గుడ్లు వేయించండి. మెల్లగా దొర్లిస్తుంటే పైన బంగారు రంగు పొర కట్టి, అక్కడక్కడా చిన్న బొబ్బలు లేస్తాయి. అంతవరకే. ఇంకా వేయిస్తే తెల్లసొన రబ్బరులా సాగుతుంది.

గుడ్లు తీసేసి అదే నూనెలో మూడు చెంచాల అల్లం వెల్లుల్లి ముద్ద వేసి, చుట్టూ నూనె తేలి పచ్చివాసన పోయేదాకా కలుపుతూ ఉండండి. ఈ ముద్ద పూర్తిగా వేగకపోతే పచ్చడి రుచి చెడుతుంది. మంట ఆపి అయిదు నిమిషాలు ఆగాలి, వేడి నూనెలో కారం వేస్తే మాడి నల్లబడుతుంది. తర్వాత మూడు పెద్ద చెంచాల కారం, ఒక పెద్ద చెంచా ఉప్పు, ఒక పెద్ద చెంచా వేయించిన ధనియాలు, జీలకర్ర పొడి, ఒక చిన్న చెంచా ఆవపిండి, పావు చెంచా వేయించిన మెంతుల పిండి, చిటికెడు లవంగాల పొడి కలపండి. గుడ్లు వేసి, పూర్తిగా చల్లారాక నాలుగు పెద్ద నిమ్మకాయల రసం పిండండి. వేడిమీద పిండితే చేదు వస్తుంది.

ఆ రాత్రే ఫ్రిజ్‌లో పెట్టేయండి. మర్నాటికి నూనె పైకి తేరి, గాట్లలోకి కారం దిగుతుంది. నిమ్మకి బదులు చింతపండు గుజ్జు వేసేవాళ్లూ ఉన్నారు. వేస్తే నూనెలో తడి ఇగిరేదాకా ఉడికించాలి. నాకు నిమ్మరసమే నచ్చుతుంది.

ఎన్ని రోజులు ఉంటుంది?

కారం పచ్చడి ఫ్రిజ్‌లో వారం. వెనిగర్ గుడ్లు ఫ్రిజ్‌లో మూడు, నాలుగు నెలల లోపు. వడ్డించడానికి బయటికి తీస్తే రెండు గంటలు దాటనివ్వకండి. నేను కావలసిన గుడ్లు పొడి గరిటెతో గిన్నెలోకి తీసి, సీసాని వెంటనే లోపల పెట్టేస్తాను. పెట్టిన తేదీ సీసా మీద రాసి అంటించండి.

కరెంటు పోతే?

తలుపు తీయకుండా ఉంటే ఫ్రిజ్ నాలుగు గంటల దాకా చల్లగా ఉంటుంది. అంతకు మించితే పారేయండి. డబ్బు పోయిందని బాధపడకండి.

మా రూమ్‌లో ఫ్రిజ్ లేదు. ఎలా?

అమీర్‌పేట హాస్టళ్లలో ఉండే మా తమ్ముడి స్నేహితులూ ఇదే అడిగారు. గుడ్డు పచ్చడి పెట్టుకోకండి, ఇంటి నుంచి ఎవరైనా పంపినా ఆ రోజే తినేయండి. దానికి బదులు నువ్వుల కారం, పల్లీ కారం డబ్బాలో ఉంచుకోండి. రాత్రి రెండు గుడ్లు ఉడకబెట్టి సగానికి కోసి, వేడి నూనెలో ఆ పొడి ఒక చెంచా వేసి దొర్లిస్తే అయిదు నిమిషాల్లో అదే రుచి. ఒక గుడ్డులో ఆరు గ్రాముల దాకా ప్రోటీన్ ఉంటుంది, రాత్రి నూడుల్స్ ఒక్కటే తినేకంటే ఇది ఎంతో నయం.

పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ గీత వచ్చింది. వెల్లుల్లి నీలంగా మారింది. పారేయాలా?

అక్కర్లేదు. గుడ్డు ఎక్కువసేపు ఉడికితే తెల్లసొనలోని గంధకం, పచ్చసొనలోని ఇనుము కలిసి ఆ గీత వస్తుంది. వెల్లుల్లి పులుపులో పడితే నీలంగానో, పచ్చగానో మారడం మామూలే. పారేయాల్సినవి వేరే ఉన్నాయి: బుడగలు, పైకి ఉబ్బిన మూత, జిగట, ముందు లేని మడ్డి, తేడా వాసన. ఇవి కనిపిస్తే రుచి చూడకుండా పడేయాలి, నాలుక చివర పెట్టి చూడటం కూడా వద్దు.

పచ్చడి గుడ్డు దేనిలోకి బాగుంటుంది?

కారంది ముద్దపప్పు అన్నంలోకి. పప్పు చప్పగా, మెత్తగా ఉంటుంది కాబట్టి ఆ ఘాటు సరిపోతుంది. జొన్న రొట్టె తుంచి ఆ నూనెలో అద్దుకున్నా బాగుంటుంది. పెసరపప్పు కిచిడీ మీద సగం గుడ్డు పెట్టి ఇస్తే మా పిల్లలు మారు మాట్లాడకుండా తింటారు. వెనిగర్‌ది పెరుగన్నం పక్కన, లేదా చక్రాలుగా కోసి కీరా, ఉల్లిగడ్డ, మిరియాల పొడితో. వెనిగర్ గుడ్డుని పులుసులో వేయకండి, రెండు పులుపులు కలిసి నోరు గిలగొడుతుంది. ఏ గుడ్డునైనా సరే కోయకుండా మైక్రోవేవ్‌లో పెట్టొద్దు, పేలుతుంది.

బీపీ ఉన్నవాళ్లు తినొచ్చా?

రోజుకి మొత్తం ఉప్పు 5 గ్రాములు దాటకూడదని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్తుంది. పప్పు, కూర, పెరుగు, పచ్చడి అన్నిట్లోనూ ఉప్పుంటుంది మరి. మా అత్తయ్యకి బీపీ ఉంది. ఆమెకి సగం గుడ్డు, కారం తుడిచి, ఉప్పు లేని పప్పుతో పెడతాను. వారానికి ఒకటి రెండుసార్లే. డాక్టర్ పూర్తిగా మానమంటే మానేయాలి.

కార్తీక మాసంలో, శనివారాల్లో గుడ్డు ముట్టం. ఇంట్లో సీసా ఉంటే ఇబ్బంది కాదా?

మా ఇంట్లోనూ శనివారం తినం. ఫ్రిజ్‌లో అడుగు అరలో మూత గట్టిగా ఉన్న వేరే డబ్బాలో ఆ సీసా పెడతాను, గరిటె కూడా వేరే. కార్తీకానికి పది రోజుల ముందే కారం పచ్చడి పెట్టడం ఆపేస్తాను. ఆ నెలంతా రాత్రిళ్లు కంద పులుసు, చామగడ్డ వేపుడు, మెంతికూర పప్పు, సర్వపిండి. సర్వపిండి అయితే మందపాటి గిన్నెలోనే అద్ది, చిల్లులు పెట్టి, నూనె పోసి మూత పెట్టి కాల్చండి. పల్చటి పెనం మీద మాడుతుంది.

గుడ్లు అయిపోయాక మిగిలిన వెనిగర్‌లో మళ్లీ గుడ్లు వేయొచ్చా?

వద్దు. మొదటి గుడ్లు ఆ పులుపుని పీల్చుకున్నాయి, ఇక దాని బలం ఎంతో చెప్పలేం. ప్రతిసారీ కొత్తది మరిగించాలి.

అమెరికాలో ఉన్న మా అబ్బాయికి గుడ్డు పచ్చడి పంపాలి. ప్యాకింగ్ ఎలా?

పంపకండమ్మా. శంషాబాద్‌లో విమానం ఎక్కి వాళ్ల ఇల్లు చేరేసరికి ఒక రోజు దాటుతుంది, అంతసేపూ బ్యాగులో చల్లదనం ఉండదు. పైన చెప్పిన ప్రమాదమంతా ఆ ప్రయాణంలోనే ఉంది. మీ అబ్బాయి ఎంత అడిగినా నేను ఇదే చెప్తాను.

పచ్చడి పొడి పంపండి. కారం, వేయించిన ధనియాలు, జీలకర్ర, ఆవపిండి, మెంతిపిండి, లవంగాల పొడి, ఉప్పు, పై కొలతల్లో ఎనిమిది గుడ్లకి ఒక పొట్లం చొప్పున కలిపి, తడి తగలకుండా సీలు వేయించండి. మా చెల్లెలు డాలస్‌లో ఉంది, తనకి అలాంటివి ఆరు పొట్లాలు పంపాను. ఒక్కో దాని మీద స్కెచ్ పెన్నుతో రాశాను: "గుడ్లు 8, నూనె ముప్పావు గ్లాసు, అల్లం వెల్లుల్లి ముద్ద 3 చెంచాలు, మంట ఆపాక అయిదు నిమిషాలు ఆగి పొడి వేయి, చల్లారాక నాలుగు నిమ్మకాయలు, ఫ్రిజ్‌లో పెట్టు, ఏడో రోజుకి ఖాళీ చేయి."